టేపు మీద పెన్సిల్ గీత

పోయిన మంగళవారం ఆత్మకూరులోని మా ఇంటి కింది గదికి పూత వేయడానికి చిన్నాయన కొడుకు వచ్చాడు. ఆ గదిలో మనవరాలు రక్త పరీక్షల ల్యాబ్ పెట్టుకుంటోంది కాబట్టి, మందులు ఒలికినా రోజూ కడిగినా సిమెంటు నేల చెడకుండా ఎపాక్సీ పూత కావాలంది. నేల పోసి ఎన్నాళ్లయిందని అతను అడిగితే, ముప్పై నాలుగు రోజులనీ, అందులో మొదటి పద్నాలుగు రోజులూ నీళ్లు నిలబెట్టామనీ రాసుకున్న పుస్తకం చూడకుండానే చెప్పాను. అతను అరచేతిలో ఇమిడే, తేమ కొలిచే మీటరు ఒకటి నేలకు ఆనించి, అందులో అంకె చూసి, "ఆరిపోయుండాదక్కా" అన్నాడు. ఆ మాటను ఊరికే నమ్మే వయసు నాకు ఇరవై ఒకటో ఏటే దాటిపోయింది.

మా నాయన ఉదయగిరిలో నేలలు పోసే మేస్త్రీ. పది ప్యాసై ఇంట్లో ఉన్న నాకు ఆయన అప్పగించిన పని, ఏ నేల ఏ రోజు పోశాం, ఎన్నాళ్లు తడిపాం, ఎప్పుడు తడపడం మానేశాం అని నోటుబుక్కులో రాయడం. నా ఇరవై ఒకటో ఏట మా ఊళ్లో పాలు చల్లబరిచే షెడ్డు కట్టారు. ఒలికిన పాలు పులిస్తే సిమెంటును తినేస్తాయని పూత వేయమన్నారు. పూత కంటే ముందు నేలను సిద్ధం చేయడమే అసలు పని అనేవాడు నాయన. పైకి తేలిన తెల్లటి సిమెంటు పొరను రాతితో రుద్ది తీసేవాడు, దుమ్ము ఊడ్పించి గుడ్డతో తుడిపించేవాడు, నీటిచుక్క వేసి అది ఇంకేదాకా అక్కడే కూర్చునేవాడు. ఆ తర్వాత జానెడు ప్లాస్టిక్ కవర్లు పరిచి నాలుగు అంచులకూ కాగితపు టేపు అంటించి మరునాడు ఎత్తి చూసేవాడు. ఒక్క కవరు కింద చెమట పట్టినా నేల లోపల తడి ఉన్నట్టే, ఇంకో వారం ఆగాల్సిందే.

షెడ్డు పొడవు ఇరవై నాలుగడుగులు, వెడల్పు పద్దెనిమిది, మొత్తం నాలుగు వందల ముప్పై రెండు చదరపు అడుగులు, వందకొకటి చొప్పున లెక్క వేసి పైకి సరిచేసి ఐదు కవర్లు పెట్టాం. నాకు అప్పటికే ఎవరి మాటా ఒక పట్టాన నమ్మే గుణం లేదు కనుక, ఎవరికీ చెప్పకుండా ప్రతి టేపు మీది నుంచి నేల మీదికి ఒక పెన్సిల్ గీత గీసేదాన్ని. టేపు ఎత్తి మళ్లీ అంటిస్తే ఆ గీత రెండు ముక్కలూ కలవవు. మొదటి వారం నాలుగు కవర్లు పొడిగా ఉన్నాయి గానీ, ఉత్తరం గోడ పక్కదాని కింద మాత్రం ఆవగింజల్లా చుక్కలు. రెండో వారం ఐదూ పొడిగా ఉన్నాయి. కానీ ఉత్తరం గోడ దగ్గర గీత వడ్లగింజంత పక్కకు జరిగి ఉంది.

నా కళ్లు నాయన తమ్ముడి మీదికి పోయాయి. మర్రిపాడులో ఇంకో పని ఒప్పుకుని, ఇది ఎప్పుడు తెములుద్దని వారం రోజులుగా సణుగుతున్నది ఆయనే. పనివాళ్లందరి ముందూ అనేశాను.

"ఈ టేపు ఎత్తి తుడిచింది నువ్వే చిన్నాయనా."

"ఏంది మే, నన్ను దొంగను చేస్తుండావా? కోడి కెలికినట్టుండాయి నీ గీతలు. పో, పోయి పోలీసోళ్లకు చూపించు!"

అందరూ నవ్వారు గానీ ఆయన మొహంలో నవ్వు లేదు. నాయన మాత్రం తల ఎత్తకుండా, "పూత కలపండిరా" అన్నాడు. ఒక్క చుక్క చెమటకు వారం ఆగే మనిషి అంత తొందరగా ఆ మాట ఎలా అన్నాడో నేను అప్పుడే అనుమానించి ఉండాల్సింది. మరునాడే చిన్నాయన సంచీ సర్దుకుని అనుమసముద్రంపేటకు వెళ్లిపోయి వేరుగా పని పెట్టుకున్నాడు.

పూత వేసిన యాభై ఎనిమిదో రోజున ఉత్తరం గోడ పొడవునా పూత బొబ్బలెక్కింది, మేకుతో గుచ్చితే నీళ్లొచ్చాయి. నాయన ఎవరినీ తోడు పిలవకుండా పదకొండు రోజులు ఒక్కడే మోకాళ్ల మీద కూర్చుని ఆ మేరా గీకాడు. పన్నెండో రోజు అన్నం దగ్గర, "ఆ కవరు ఎత్తి తుడిచింది నేనే. సోమవారానికి అయిపోద్దని షెడ్డోళ్లకు మాటిచ్చినాను" అన్నాడు. తర్వాత ఆయనే వెళ్లి తమ్ముణ్ణి పిలిచాడు. చిన్నాయన కాఫీ ఇచ్చి పంపాడే గానీ తిరిగి రాలేదు. నేను వెళ్లి తప్పు నాదని చెప్పాలనుకున్నాను, ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూనే గడిపేశాను. పెళ్లిళ్లలో, ప్రార్థనల్లో కలిసినా ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మూడేళ్ల కిందట సమాధి తోటలో ఆయన పెట్టె మీద అందరితో పాటు గుప్పెడు మట్టి వేసి వచ్చాను.

ఆ మంగళవారం నా పోరు పడలేక, మీటరు చూపించాక కూడా, చిన్నాయన కొడుకు మూడు కవర్లు పరిచి టేపు అంటించాడు. తర్వాత చెవి మీది పెన్సిల్ తీసి నా చేతికిచ్చాడు.

"గీత గియ్యక్కా. మా నాయన ఆఖరి పని దాకా గీసినాడు. ఎందుకని అడిగితే, మా అన్న కూతురివి మాయ కళ్లురా, ఎక్కడి నుంచో చూస్తానే ఉంటుంది అనేవాడు."

నేను వంగలేక కుర్చీలో కూర్చుని గీశాను. మూడింటిలో ఒకటి వంకర పోయింది.

ఇప్పటివాళ్లకు మీటరు ఉంది. నిమిషంలో అంకె చెబుతుంది, తెల్లారేదాకా కాచుకుని కూర్చోవాల్సిన పని లేదు, ఎవరి మొహమూ చూసి అనుమానించాల్సిన పనీ లేదు. అది మంచిదే కావచ్చు. బుధవారం పొద్దున ఆరు గంటలకు, చిన్నాయన కొడుకు రాకముందే కిందికి దిగి చూశాను. చెమట లేదు. మూడు గీతలూ కలిసే ఉన్నాయి, వంకరది కూడా. రెండోసారి కూడా చూశాను. చూపించాల్సిన మనిషి ఉంటే బాగుండుననిపించింది.