అనువాదం: గుంటూరు బృందం

మా మొదటి సమావేశానికి ముగ్గురం వచ్చాం. నేను, అద్దంకి నుంచి బస్సులో వచ్చిన ఒక జూనియర్ కాలేజీ మాస్టారు, మంగళగిరిలో చేనేత చీరలమ్మే ఒకావిడ. బ్రాడీపేటలో తెలిసినవాళ్ల కోచింగ్ సెంటరు ఉంటే, ఆదివారం పొద్దున రెండు గంటలసేపు ఒక గది అడిగి తీసుకున్నాను. బోర్డు నిండా ముందురోజు చెప్పిన కెమిస్ట్రీ పాఠం. డస్టరు కనపడలేదు. మూలన మిగిలిన జానెడు చోటులో "అందరికీ స్వాగతం" అని ఇరికించి రాశాను. "ముగ్గురికి అందరికీ ఏమిటయ్యా?" అని మాస్టారు నవ్వారు.

అప్పటికి నేను క్లినిక్కులకీ, బట్టల కొట్లకీ వెబ్‌సైట్లు చేసిపెట్టి బతుకుతున్నాను. ఆ పనికి ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడేవాణ్ణి. కోడు రాయడం రానివాళ్లు కూడా దానితో తమ సైటు తామే నడుపుకోవచ్చు. ఫొటోలు ఎక్కించుకోవచ్చు, నాలుగు మాటలు రాసుకోవచ్చు, నచ్చకపోతే తీసేసుకోవచ్చు. ఉచితం. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఎక్కడెక్కడివాళ్లో తీరిక చేసుకుని దాన్ని తయారుచేస్తుంటారు, ఊరూరా గుంపులుగా చేరి ఒకరికొకరు నేర్పుకుంటుంటారు. హైదరాబాదులో అలాంటి సమావేశం ఒకటి చూసి పొంగిపోయి వచ్చాను. మన గుంటూరులో ఎందుకు ఉండకూడదు అనుకున్నాను. అందులో నలుగురికీ నేర్పాలన్న తపన ఎంత, నలుగురిలో పెద్దమనిషి అనిపించుకోవాలన్న యావ ఎంత అని మాత్రం నన్ను నేను అడగలేదు.

మంగళగిరి ఆవిడకి ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త మగ్గం నేస్తాడు, అత్తగారు రంగుల దగ్గరుంటుంది, అమ్మకం ఈవిడ పని. నేను చూపించినదంతా శ్రద్ధగా చూసి, చివర్లో ఒకే ఒక్క మాట అడిగింది.

"బాగానే ఉంది అన్నయ్యగారూ. కానీ తెరిస్తే అంతా ఇంగ్లీషేగా? నేనంటే డిగ్రీ చదివాను. మా అత్తయ్యకి చీర ఫొటో తీయడం వచ్చు, సైటులో పెట్టడం రాదు. తెలుగులో ఉంటే ఆవిడే పెట్టుకుంటుంది కదండీ."

తెలుగు ఉంది. ఎవరో ఎప్పుడో మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. ఎవరైనా చెయ్యొచ్చు గానీ, చేసినదాన్ని చూసి ఖాయం చేసే హక్కు కొందరికే ఇస్తారు. నేను అర్జీ పెట్టుకుంటే ఇచ్చారు. ఆవిడ ఫోన్లో ఒక పట్టిక తెరుచుకుని, చీరలు మడతపెట్టుకుంటూ, బస్సులో కూర్చుని ఒక్కో మాటా తెలుగు చేసేది. ఆ పట్టిక తెచ్చి నా ఖాతాలోంచి ఎక్కించేవాణ్ణి. "మీక్కూడా విడిగా ఖాతా తెరుద్దాం" అని ఒకసారి అన్నాను. "ముందు పని కానివ్వండి" అంది. ఆ తర్వాత నేనూ మళ్లీ ఎత్తలేదు.

ఆదివారాలు మాటల దగ్గర పోట్లాటలే. తెరమీద నొక్కే ఒక బొత్తానికి నేను "ప్రచురించు" అని పెట్టాను.

"ప్రచురించడం అంటే పుస్తకం అచ్చెయ్యడం అండీ. మా అత్తయ్య చీర ఫొటో పెట్టి ప్రచురించాలా? 'అందరికీ చూపించు' అని పెట్టండి."

ఏదైనా తీసేసేముందు వచ్చే ప్రశ్నకి "మీరు ఈ చర్యను చేపట్టదలచుకున్నారని నిశ్చయించుకున్నారా?" అని రాశాను. దాన్ని పైకి చదివి మాస్టారు దగ్గుతున్నట్టు నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "'నిజంగానే తీసేయమంటారా?' అంతేనండీ," అంది. రెండే మాటలు. పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, నాకు తట్టలేదు. మెచ్చుకున్నాను కూడా. లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్న సంగతి ఇప్పుడు రాస్తుంటే ఒప్పుకోగలుగుతున్నాను.

ఏడాది తిరిగేసరికి గది నిండింది. సత్తెనపల్లి నుంచి విత్తనాల కొట్టాయన, చీరాల నుంచి ఇద్దరు, డిగ్రీ పిల్లలు. మిర్చి సీజనులో యార్డు వైపునుంచి వచ్చేవాళ్లు మెట్లెక్కుతూనే తుమ్మేవాళ్లు, వాళ్ల బట్టల ఘాటుకి లోపలున్నవాళ్లు దగ్గేవాళ్లు. ఫ్యాను ఆపమని ఒకరు, వెయ్యమని ఒకరు. ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ సంతోషమే వేస్తుంది, వెనకాలే సిగ్గూ వేస్తుంది.

పెద్ద సభ పెడదామన్నది నేనే. ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాలు ఇచ్చింది. వెబ్‌సైట్లకి ఇంటర్నెట్లో చోటు అద్దెకిచ్చే కంపెనీ ఒకటి భోజనాలూ బ్యానర్లూ తనవే అంది. మధ్యాహ్నం ముఖ్యమైన సమయం మంగళగిరి ఆవిడకిచ్చాం. వేదిక మీద ఆవిడ మాట్లాడుతుంటే, వాళ్ల అత్తగారు తెలుగు తెర చూసుకుంటూ స్వయంగా ఒక చీర సైటులో పెడుతుంది. అదంతా పెద్ద తెర మీద కనపడుతుంది. ఆ ఆలోచనా ఆవిడదే. నెలరోజులు అత్తగారి చేత ఇంట్లో సాధన చేయించింది.

రెండు రోజుల ముందు కంపెనీ తరఫు మనిషి ఫోన్ చేశాడు.

"సార్, ఆఫ్టర్నూన్ స్లాట్ మాకు కావాలి. మా డెమో ఉంది. ఆ తెలుగు టాపిక్ కాస్త అడ్జస్ట్ చేయండి."

"ఆవిడ నెలనుంచి తయారవుతోందండీ."

"చెప్పొద్దనట్లేదు కద్సార్. లంచ్‌లో పెట్టండి."

సరేనన్నాను. గట్టిగా కాదంటే అతను ఒప్పుకునేవాడేమో కూడా. కాదనలేదు. ఆవిడకి ఫోన్ చేసి చెప్పనూ లేదు. వచ్చాక నెమ్మదిగా చెప్పొచ్చులే అనుకున్నాను.

ఆ రోజు అత్తాకోడళ్లిద్దరూ సొంత మగ్గం చీరలు కట్టుకుని, పొద్దున అందరికంటే ముందొచ్చారు. నేను విషయం చెప్పేసరికి పన్నెండున్నర. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "సరేనండీ" అంది. హాలు ఖాళీ అయిపోయింది, అందరూ ప్లేట్లు పట్టుకుని వరండాలో నిలబడ్డారు. పెద్ద తెరకి కంపెనీ కుర్రాళ్లు తమ వైర్లు తగిలించుకుంటున్నారు. మైకు వాళ్ల దగ్గరే ఉంది. ముందు వరసలో మాస్టారు, విత్తనాల కొట్టాయన, ఇంకో ఇద్దరు. ఆవిడ వాళ్ల దగ్గరికే వెళ్లి నిలబడి, గొంతు పెంచి చెప్పింది. అత్తగారు ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుకుంటూ, ఒక్క తప్పు లేకుండా చీర పెట్టేసింది. "అందరికీ చూపించు" నొక్కి, ఫోను ఎత్తి చూపించింది. ఆ నలుగురూ చప్పట్లు కొట్టారు. నేను తలుపు దగ్గర కంపెనీ మనిషితో నిలబడి అదంతా చూశాను.

భోజనాలయ్యాక హాలు కిక్కిరిసింది. కంపెనీవాళ్ల డెమో చివర్లో తెరమీద పెద్దక్షరాలతో ఒక పలక వచ్చింది. "తెలుగు అనువాదం: గుంటూరు బృందం." దానికింద నా ఫొటో. నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. మైకు నా చేతికిచ్చారు. ఆవిడ మూడో వరసలో ఉంది. ఒక్క పేరు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కంపెనీకి కృతజ్ఞతలు చెప్పాను, కాలేజీకి చెప్పాను, దిగిపోయాను.

సాయంత్రం గేటు దగ్గర ఆటో కోసం నిలబడి ఉన్నారిద్దరూ. పలకరించకుండా దాటిపోలేకపోయాను.

"అన్నయ్యగారూ, బృందం అంటే ఎవరండీ?" అంది ఆవిడ.

"మనమందరమే కదమ్మా."

"మరి మీ ఫొటో ఒక్కటే వేశారేం?"

"కంపెనీవాళ్లు వేశారమ్మా. నాకు తెలీదు."

ఫొటో పంపింది నేనే. నీలం చొక్కాలో బాగా పడ్డానని ఏరి మరీ పంపాను. ఆటో వచ్చింది, ఎక్కేశారు.

ఆ వారం మాస్టారు ఫోన్ చేశారు. "ఏమయ్యా, ఆ అమ్మాయి పేరు మైకులో ఒక్కసారి చెప్తే నీ నోరేమన్నా అరిగిపోతుందా? పోనీ ఎక్కడన్నా రికార్డులో అయినా ఉందా?" అని అడిగారు. లేదు. ప్రతి మాటా నా ఖాతాలోంచే వెళ్లింది. ఆ అనువాదాల చరిత్ర తెరిచి చూస్తే మొదటినుంచి చివరిదాకా నా పేరే. మాస్టారు ఫోన్ పెట్టేశారు. మళ్లీ బ్రాడీపేట రాలేదు.

భయమేసి, అనువాదాలు చూసే పెద్దలకి ఉత్తరం రాశాను. పాతవి మార్చడం కుదరదు, ఆవిణ్ణి కొత్త ఖాతా తెరిచి ఇకమీదట చెయ్యమనండి అని మర్యాదగానే జవాబిచ్చారు. ఆ లింకు ఆవిడకి వాట్సాప్‌లో పంపాను. చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు రాలేదు.

అప్పుడైనా ఆగి ఉండాల్సింది. ఆ కంపెనీ ఉద్యోగమిస్తానంది, చేరిపోయాను. జిల్లాల్లో ఈ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల సముదాయం పెంచడం నా పని అన్నారు. సత్తెనపల్లి, అద్దంకి, ఎక్కడ కాలేజీ ఉంటే అక్కడికెళ్లి ఓపెన్ సోర్స్ గొప్పతనం చెప్పేవాణ్ణి, చివర్లో కంపెనీ తగ్గింపు కూపన్లు పంచేవాణ్ణి. పిల్లల ఫోన్ నంబర్లు రాయించుకుని మా వాట్సాప్ గ్రూపులో కలిపేవాణ్ణి. గ్రూపులో జనం పెరిగేకొద్దీ మాటలు తగ్గాయి. సైటు తెరుచుకోవట్లేదని విత్తనాల కొట్టాయన ఒకరోజు పొద్దున అడిగాడు. దానికింద గుడ్ మార్నింగ్ పువ్వులూ, కూపన్లూ పేరుకున్నాయి గానీ ఒక్కరూ జవాబివ్వలేదు. నేనూ ఇవ్వలేదు, ఆ రోజు ఏదో ఊళ్లో ఉపన్యాసంలో ఉన్నాను. కోచింగ్ సెంటరువాళ్లు ఆ గదిని ఆదివారం బ్యాచికి ఇచ్చేసుకున్నారు. ఏడాది దాటాక కంపెనీ, ఇక ఆ విభాగమే ఉండదని ఫోన్లో చెప్పింది. చెప్పింది ఆ స్లాట్ అడిగిన మనిషే. నా పేరు కూడా తప్పుగా పలికాడు.

ఖాళీగా ఉన్న ఆ రోజుల్లోనే మంగళగిరి వెళ్లాను. అత్తగారు గుమ్మంలో రాట్నం ముందు కూర్చుని నూలు చిలపలు చుడుతోంది. నన్ను చూసి గట్టిగానే అంది.

"నువ్వేగా బాబూ, ఆ రోజు శాలువా కప్పించుకుంది?"

అవునన్నాను. కోడలు లోపలినుంచి వచ్చి కుర్చీ వేసింది, కాఫీ తెచ్చింది. గోడవార బల్లమీద ల్యాప్‌టాప్‌లో వాళ్ల సైటు తెరిచి ఉంది. అది మా సాఫ్ట్‌వేర్ కాదు. నెలనెలా అద్దె తీసుకునే ఒక రెడీమేడ్ సర్వీసు, మొత్తం ఇంగ్లీషు.

"ఇందులో తెలుగు లేదు కదమ్మా?" అన్నాను.

"లేదండీ. కానీ ఏదైనా చెడితే ఫోన్ చేస్తే ఎత్తుతారు."

"మళ్లీ మొదలుపెడదామమ్మా. ఈసారి అంతా మీ పేరుమీదే" అనేశాను.

ఆవిడ మొహంలో అప్పటిదాకా ఉన్న మర్యాద కాస్త సడలింది. "పేరు కోసం చేశాననుకున్నారా అండీ? ఈవిడ ఎవర్నీ అడక్కుండా పెట్టుకోవాలని చేశాను. ఆ రోజునుంచీ ఈవిడ ఫోనే ముట్టుకోవట్లేదు. అంతమందిలో మన పని భోజనాల వేళలో పెట్టారంటే అది పనికిరాని పనేగా అంటుంది. కాదని చెప్పడానికి నా దగ్గర ఏముంది?"

అత్తగారు తల ఎత్తలేదు. చక్రం తిరుగుతూనే ఉంది. కాఫీ తాగాను.

నేను లేస్తుంటే ఆవిడ, "ఒక్క పని చేసిపెట్టండి. ఆ గ్రూపులోంచి నా నంబరు తీసేయండి. నేనే బయటికి రావచ్చు గానీ, చేర్చింది మీరు కదా, మీరే తీయండి" అంది.

బస్టాండులో నిలబడి తీసేశాను. తీసేసినట్టు గ్రూపులో ఒక చిన్న వరస పడింది. కాసేపటికి దానికింద ఎవరో కూపన్ పెట్టారు. గుంటూరు బస్సు వస్తే ఎక్కి కూర్చున్నాను.