వాల్టర్ గారు సరిదిద్దిన సినిమాలు

2006లో నేను అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో, ఒక రిహాబ్ సెంటర్‌లో స్పీచ్ థెరపిస్టుని. స్ట్రోక్ వచ్చినవాళ్ళకి పోయిన మాటను తిరిగి రప్పించడం మా పని. వాల్టర్ గారికి వచ్చింది అఫేసియా. ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమవుతుంది, చెప్పాలనుకున్నదీ మనసులో ఉంటుంది, మాట మాత్రం నోటికి అందదు. ట్రాక్టర్ల కంపెనీలో ఇంజనీరుగా రిటైరైన ఆ పెద్దాయనకి అప్పటికి మిగిలిన మాట ఒక్క "నో".

కప్పు, కుక్క, కుర్చీ బొమ్మల కార్డులు చూపిస్తే మొహం తిప్పుకునేవారు. ప్రోగ్రెస్ కనబడకపోతే ఇన్సూరెన్స్ వాళ్ళు సెషన్లు ఆపేస్తారు. ఆ దిగులు ఆయన భార్య డోరతీ గారి మొహంలో కనబడుతూనే ఉండేది.

"ఆయనకి ఇష్టమైన విషయం ఏదైనా చెప్పండి," అని అడిగాను.

"పెళ్ళయిన కొత్తలో కంపెనీ మమ్మల్ని ఫ్రాన్స్ పంపింది. కొన్నేళ్ళు అక్కడే ఉన్నాం," అన్నారావిడ.

లైబ్రరీ నుంచి ఒక డీవీడీ తెచ్చాను. ప్యారిస్‌లో ఉండే అమెరికన్ కుర్రాడి కథ. వాడు పొద్దున్నే కిటికీ తెరవగానే ఎదురుగా ఈఫిల్ టవర్.

"నో," అన్నారు వాల్టర్ గారు.

సినిమా పాజ్ చేశాను. "ఏది తప్పు?"

పెదాలు చాలాసేపు తడబడ్డాయి. "వాల్," అన్నారు.

డోరతీ గారు నవ్వేశారు. "నిజమే. మా వంటింటి కిటికీ తెరిస్తే ఫ్యాక్టరీ గోడ. టవర్ చూడాలంటే మేమూ సెలవు పెట్టి ప్యారిస్ వెళ్ళాల్సిందే."

ఆ రోజుతో కార్డులు పక్కన పెట్టేశాను. అలాంటి సినిమాలు వరసగా తెచ్చి, ఆయన "నో" అన్నచోటల్లా ఆపేదాన్ని. "రెయిన్." "బస్." "కోల్డ్." ఒక్కో మాటా బయటికొచ్చేది. ఆ సినిమాల్లో ఫ్రెంచివాళ్ళు అమెరికన్‌ని ప్రేమించేవాళ్ళు, లేకపోతే విసుక్కునేవాళ్ళు. ఊరికే పక్కింటివాళ్ళుగా ఎవరూ ఉండేవారు కాదు.

ఒకసారి తెరమీద ఇంటి ఓనరమ్మ అమెరికన్ మొహంమీదే తలుపు వేసింది. వాల్టర్ గారు బల్ల చరిచారు.

"నో. మదామ్..." అని ఆగిపోయారు. అలాంటప్పుడు మాట అందించబుద్ధవుతుంది. అందించకూడదు. ఓపిక పట్టాను.

"మదామ్... సూప్. ఎవ్రీ డే. డోరతీ... బేబీ."

డోరతీ గారు తన కుర్చీని ఆయన పక్కకి జరుపుకున్నారు.

"మా మొదటి బిడ్డ అక్కడే పుట్టి, పుట్టగానే పోయింది. నాకు ఫ్రెంచ్ రాదు, కింది వాటాలో ఉండే మా ఓనరమ్మకి ఇంగ్లీష్ రాదు. రోజూ సూప్ తెచ్చి, నేను తాగేదాకా పక్కనే కూర్చునేది. ఈయన పొద్దున ప్లాంట్‌కి వెళ్తే చీకటిపడ్డాకే రావడం. ఆ బిడ్డ గురించి మేం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఈయన మర్చిపోయారనే అనుకున్నాను."

వాల్టర్ గారు పనిచేసే ఎడమచేత్తో ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "ఐ రిమెంబర్," అన్నారు.

సెషన్లు ఆగలేదు. మాట పూర్తిగా తిరిగి రాలేదు గానీ, ఇద్దరూ పొట్టి పొట్టి వాక్యాలతోనే కబుర్లు చెప్పుకునేవారు. ఆ డీవీడీల మధ్యాహ్నాలు ఇప్పటికీ బెంగగా గుర్తొస్తాయి.

బొమ్మ పేరు చెప్పమంటే పెదవి విప్పని మనిషి, తన బతుకుని ఎవరో తప్పుగా చూపిస్తుంటే ఊరుకోలేడు. అందుకే కొత్త పేషెంట్ వస్తే, ఆయనకి ఏది ఇష్టమని ఇంట్లోవాళ్ళని నేనిప్పుడు అడగను. ఏది తప్పుగా చెబితే ఆయన ఊరుకోరు, అని అడుగుతాను.