కట్లు కట్టే ఔ హోయిన్

చైనాలోని ఫోషాన్ పట్నంలో కొట్లాట రాబోతోందంటే పోలీసులకంటే ముందు విరిగిన ఎముకలకు కట్లు కట్టే ఔ హోయిన్‌కు తెలిసిపోయేది. ఆ యేడు కొత్త సంవత్సరం దగ్గరపడగానే రెండు తాలింఖానాల వాళ్లూ వచ్చి, దెబ్బలకు రాసే మందుసారా జాడీలకు జాడీలు అడిగారు. ఒకటి హోయిన్ సాము నేర్చుకున్న కోక్ గురువుగారిది. ఇప్పుడది పట్టుమిల్లు యజమానుల అండన నడుస్తోంది. రెండోది నేతపనివాళ్లది. అందులో, పండక్కి వీధుల్లో ఆడించే గుడ్డ సింహం తల ఎత్తి ఆడేది హోయిన్ అల్లుడు లాయ్ చున్. రెండు సింహాలు ఒకే వీధిలో ఎదురుపడితే దారిచ్చినవాళ్లకి పరువు పోయినట్టే.

హోయిన్ గురువు దగ్గరికి పరుగెత్తాడు. టీ పోసి మోకాళ్లమీద కూర్చున్నాడు.

“ఈసారి మన సింహాన్ని వేరే వీధిన పంపండి గురువుగారూ.”

ముసలాయన కప్పు ముట్టలేదు. “మిల్లువాళ్లు అన్నం పెడుతున్నార్రా. తప్పుకుంటే పరువేం మిగులుద్ది? నువ్వెళ్లి మందు నూరుకో.”

అల్లుడి దగ్గరికెళ్లి అదే మాట అడిగితే నవ్వేశాడు. “పళ్లు మూటకట్టుకోడానికి గుడ్డ తెచ్చుకోమనండి మామయ్యా మీవాళ్లని.”

మర్నాడు హోయిన్ మందంతా కాలవలో ఒంపేశాడు. మందు లేదంటే జంకుతారనుకున్నాడు. ఎవరూ జంకలేదు. దారినపోయేవాళ్లు పలకరించడం మానేశారు. ఒకనాటి తోటి శిష్యుడు గడప మీద ఉమ్మేసి పోయాడు.

పండగనాడు పొద్దున్నే రెండు దిక్కులనుంచీ డప్పులు దగ్గరవుతూ వచ్చి, ఉన్నట్టుండి ఒక్కసారే ఆగిపోయాయి. వీధిలో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. హోయిన్ మాత్రం తన తలుపు తెరిచే ఉంచాడు.

చున్‌ను చాపలో వేసి తెచ్చారు. కుడి ముంజేయి విరిగిపోయింది. వెదురుబద్దలు సర్దబోతూ, కమిలిన చోటు చూసి హోయిన్ చెయ్యి ఆగిపోయింది. మణికట్టు మెలిపెట్టి పైనుంచి మోచేత్తో దించే దెబ్బ అది. గురువుగారు దాన్ని అందరికీ నేర్పలేదు. హోయిన్‌కు నేర్పారు, తన కొడుక్కి నేర్పారు, అంతే.

“ఎవడు నాన్నా ఇంత పని చేసింది?” అంది కూతురు సుత్‌మెయ్.

“గుంపులో ఎవడో. నాకెలా తెలుస్తుందమ్మా?”

చున్ పళ్లు బిగబట్టి మామ మొహంలోకే చూస్తున్నాడు. “మీకు తెలిసిపోయింది. చెప్పండి మామయ్యా. చెయ్యి అతుక్కున్నాక నాకు పనుంది.”

హోయిన్ కట్టు బిగించాడు.

చెయ్యి వంకరగా అతికింది. మగ్గానికి పనికొచ్చింది గాని సింహం తలకు పనికిరాలేదు. బతికినన్నాళ్లూ హోయిన్ ఆ పేరు బయటపెట్టలేదు. అల్లుడు అడగడమూ మానలేదు. ఏటేటా గురువుగారి కొడుకు సింహం ఆడించుకుంటూ హోయిన్ మందుల కొట్టు ముందునుంచే పోయేవాడు. చున్ గుమ్మంలో నిలబడి, సింహాన్ని కాదు, దాని కింద కదిలే మనిషి చేతుల్నే చూసేవాడు.