ఎరుపు కోసం ధర్మవరం దాకా

మూడేళ్ళుగా నా పీహెచ్‌డీ పని ఒక్కటే: పట్టుకు వేసే ఎర్ర రంగులోని అణువును క్వాంటం కంప్యూటర్ మీద లెక్కగట్టి, దాని రంగేమిటో ముందే చెప్పడం. ఎన్నిసార్లు నడిపినా పసుపే వచ్చేది. సోమవారంలోగా ఏదో ఒకటి తేల్చమన్నారు మా గైడ్ మేడమ్. వదిలేస్తున్నానని మెయిల్ రాసి, పంపడానికి మనసొప్పక ఫోన్‌లోనే ఉంచుకున్నాను. అసలు ఎరుపు ఎట్లా పుడుతుందో కళ్ళారా చూద్దామని శనివారం ఉదయం ఆరున్నరకు హిందూపురంలో బస్సెక్కాను.

ఏడున్నర దాటాక పెనుకొండలో దిగాను. బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. కారానికి ముక్కు కారినా ఇంకో బజ్జీ అడిగాను. మీరూ వదలకండి.

ధర్మవరం బస్సులో పక్క సీటు అవ్వ ఆరా తీసింది. “చీరకు పోతాండావా? పెండ్లి ఎప్పుడు?”

“చీరకు కాదవ్వా, రంగు సంగతి కనుక్కునేకి.”

“దానికింత దూరమా? నీకేం పనిలేదా తల్లీ” అని నవ్వి, గుప్పెడు చెనిక్కాయలు నా ఒళ్ళో పోసింది.

తొమ్మిదిన్నరకు ధర్మవరం చేరి, రంగులు కాచే చోటు ఎక్కడని అడుగుతూ వెళ్ళాను. అద్దకం పని చేసే మస్తాన్ తాత రంగు ముట్టుకోకముందే నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేశాడు. “బోరు నీళ్ళు ఈపొద్దు ఉప్పగా ఉండాయి” అన్నాడు. నాకు చూపించడానికి ఒకే పొడిని బోరు నీళ్ళలో కొంత, పట్టి ఉంచిన వాన నీళ్ళలో కొంత కలిపి, రెంటిలోనూ పట్టు పోగులు కాచాడు. మొదటిది మట్టిరంగుకు తిరిగింది. రెండోది దానిమ్మ గింజలా మెరిసింది.

ఫోన్‌లో నా లెక్క చూపించాను.

“దీంట్లో నీళ్ళెన్ని పోసినావు?”

“నీళ్ళు లేవు తాతా. మిషన్‌లో అంత పట్టదని తీసేసినా. అణువొక్కటే ఉండాది.”

ఆయన ఫోన్ మీదికి వంగాడు. “ఒంటిగా పెట్టినావా? పాపం, తోడు లేకుంటే అదేం రంగు చెప్తాదమ్మా. చెంబుడు పట్టకపోతే రెండు చుక్కలన్నా పెట్టు.”

సిగ్గేసింది. నీళ్ళలో అణువు రంగు మారుతుందని పరీక్షలో రాసినదాన్నే. పని సులువు కావాలని మూడేళ్ళు దాన్ని పక్కన పెట్టాను. ఆయన వాన నీళ్ళలో కాచిన ఎర్ర పోగొకటి నా మణికట్టుకు చుడుతుంటే ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం రైల్లో పాత మెయిల్ తీసేసి కొత్తది రాశాను: “మేడమ్, అణువు పక్కన రెండు నీటి అణువులు పెట్టి మళ్ళీ నడుపుతాను. ఎరుపు వస్తుందో లేదో తెలీదు. ఒక్క నెల ఇవ్వండి.”

పెనుకొండ దాటుతుండగా జవాబొచ్చింది. “సరే. ఆ తాతను నాకూ చూపించు.”

ధర్మవరం వెళితే చీరల కొట్టుకంటే ముందు రంగులు కాచే చోటికి వెళ్ళండి. హిందూపురంలో దిగేసరికి మణికట్టు మీది పోగు చెమటకు తడిసింది. రంగు మాత్రం దిగలేదు.