తొంభై డిగ్రీల దగ్గర

రాజోలులోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కరుణ కొన్నేళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. ఉద్యోగం ఏటేటా పొడిగించేదే తప్ప పర్మనెంటు కాదు. ఈ ఏడు ఒక్క పోస్టు పర్మనెంటు చేస్తామన్నారు. అందుకు యాజమాన్యం ఎదుట డెమో పాఠం చెప్పాలి. పోటీలో ఉన్నది ఇద్దరే: ఆమె, శ్యామ్ సుందర్.

ఆయన ఆమెకు పరాయివారు కారు. చేరిన కొత్తలో పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పినవారు. "బొమ్మ తిప్పే ప్రోగ్రాం రాస్తే ముందు తొంభైకి తిప్పి చూడాలమ్మా. చిన్న కోణాల్లో తప్పు కనపడదు" అన్నది ఆయనే.

సఖినేటిపల్లి రేవులో జనాన్ని గోదావరి దాటించే బల్లకట్టు లాంటి పంటును కరుణ తన పాఠానికి ఎంచుకుంది. నాలుగు మూలలు, ఒక జెండా. ఆ బిందువులను తెర మీద తిప్పడమే పాఠం. ముందు రోజు సాయంత్రం బస్సు వేళవుతుంటే ప్రోగ్రామును శ్యామ్ సుందర్ చేతిలో పెట్టింది.

"ఒక్కసారి చూస్తారా అన్నయ్యగారూ?"

"ఆయ్, దానికేం."

పోటీదారుకే చూపించేవా, బుర్ర ఉందా నీకు అని ఇంట్లో అక్క శారోన్ దెప్పింది. కరుణ పట్టించుకోలేదు.

పొద్దున్నే ఆయన చెప్పారు: "తొంభైకి కూడా తిప్పేనమ్మా. భేషుగ్గా ఉంది. ఇంక దాని జోలికెళ్లకు."

ఆమె వెళ్లలేదు.

పాఠం బాగానే సాగింది. అయిదు డిగ్రీలకు పంటు కాస్త ఒరిగింది. అప్పుడు వెనక బెంచీలోంచి హర్ష అనే విద్యార్థి, "పూర్తిగా తిప్పండి మేడమ్" అన్నాడు. కరుణ తొంభై కొట్టింది. పంటు మాయమై తెర మీద ఒక ఏటవాలు గీత మిగిలింది.

"మునిగిపోయిందండీ" అన్నారెవరో. క్లాసంతా నవ్వింది.

కరుణ సుద్ద తీసుకుని ఒక మూలను బోర్డు మీద లెక్కగట్టింది. తప్పు తేలింది. బిందువు అడ్డం విలువ కొత్తది రాగానే ప్రోగ్రాం దాన్ని పాతదాని మీద రాసేస్తోంది. నిలువు విలువ లెక్కకు కావలసింది ఆ పాతదే. పాత విలువను వేరే పేరుతో దాచి, రెండు లెక్కలకూ దాన్నే వాడింది. పంటు చక్కగా తిరిగింది. ప్రిన్సిపాల్ గారు అప్పటికే గడియారం చూసుకుంటున్నారు.

మధ్యాహ్నం స్టాఫ్‌రూములో అడిగింది: "నిజంగా తొంభైకి తిప్పేరా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "తిప్పేనమ్మా. గీతే వచ్చింది."

"మరి బాగుందన్నారు?"

"నాకూ ఇద్దరు పిల్లలమ్మా. అయినా నేనేం మార్చలేదు. తప్పు నీదే కదా."

ఆ మాట నిజమే. ఆయన ఆ ప్రోగ్రాములో ఒక్క అక్షరం తాకలేదు, కనుక న్యాయంగా చూస్తే ఆ తప్పు పూర్తిగా కరుణదే. అయితే ఆమె మళ్లీ పరీక్షించుకోకపోవడానికి కారణం ఆయన మాట. అది అబద్ధమని తెలిసే ఆయన చెప్పారు. మొదటిది పొరపాటు, రెండోది ద్రోహం. పొరపాటును ఆమె క్లాసు ఎదుటే దిద్దుకుంది.

పోస్టు ఆయనకే వచ్చింది. ఆర్డరు అందిన రోజు ల్యాబుకి వచ్చి, "కోపం ఇంకా పోలేదా చెల్లెమ్మా?" అన్నారు.

"కోపమేం లేదండీ. మీరు బాగుందంటే ఇప్పుడు నేను మళ్లీ చూసుకోవాలి. నాకు పని రెండింతలైంది, అంతే."