ఆడొద్దు, అయిపో

ప్రొద్దుటూరులో మాకు బుటో అనే జపాను నాట్యం నేర్పిన అక్క, ఎవరైనా అందంగా చెయ్యి తిప్పితే చాలు, మండిపడేది. "ఆడొద్దు పాపా, అయిపో" అనేది. రాయి అంటే రాయే అయిపోవాలి.

గొర్రెల కాపరుల ఇంట పుట్టిన మనిషి. సొంతూరు పెద్దముడియం దగ్గర. ఒకసారి ఆ ఊరి బడి ముందర ప్రదర్శన ఇస్తూ, ఒళ్లంతా బియ్యప్పిండి పూసుకుని, పురుగుమందు కొట్టిన చేలో మేసి చచ్చిపోయే గొర్రె అయింది. మెడ వాలుతోంది, కళ్లు తేలిపోతున్నాయి, మోకాళ్లు వంగుతున్నాయి గానీ ఎంతకూ నేలకు ఆనడం లేదు. జనం పూనకమనుకున్నారు. ఎవరో సాంబ్రాణి వేశారు. ఊరి పెద్దరైతు వచ్చి ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"తప్పుంటే కాయి తల్లీ! పొట్టేలును కోస్తా."

నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చే గొర్రెకు గొర్రెను బలి ఇస్తాడట!

అక్క వాల్చిన మెడ ఎత్తలేదు. ఆ గొర్రె చూపుతోనే అంది:

"మా నాయన గొర్రెలు నీ పత్తి చేన్లోనే సచ్చినాయప్పా. మందు కొట్టినానని ఒక్క మాట చెప్పినావా? అడగొచ్చిన మా నాయనను గేటు కాడే ఎల్లగొడితివి. ఇప్పుడు ఆ గొర్రె కాళ్లకే మొక్కుతాండావు. లెయ్!"