పదకొండు గడులు

పాలు రాని రోజు, గ్యాస్ బండ వచ్చిన రోజు వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో రాసిపెట్టడం పెళ్లయిన నాటి నుంచీ నా అలవాటు. మనవరాలు ఆదిలాబాద్ దగ్గర హాస్టల్ ఉన్న కాలేజీలో చేరాక, ఫోన్లో తను చెప్పినవీ ఆ గడుల్లోకి చేరాయి. "నీళ్లు రాలే అమ్మమ్మా" అన్న ప్రతిరోజూ 'నీ' అని రాసేదాన్ని.

నీళ్ల కోసం పిల్లలు ధర్నాకు కూర్చుంటే, మూడో రోజు కాలేజీవాళ్లు అందరినీ ఇళ్లకు పంపేశారు. మళ్లీ చేర్చుకోవాలంటే పెద్దవాళ్లు వచ్చి ఒక కాగితం మీద సంతకం చేయాలన్నారు. కూతురూ అల్లుడూ మస్కట్‌లో ఉంటారు కాబట్టి ఆ సంతకం నాదే. క్యాలెండర్ చుట్టి సంచిలో పెట్టుకుని, మనవరాలితో కరీంనగర్‌లో బస్సెక్కాను.

వార్డెన్ గదిలో కాగితం ముందే టైపు చేసి ఉంది. 'నీళ్ల ఇబ్బంది రెండు రోజులే. బయటివాళ్ల మాటలు నమ్మి మా అమ్మాయి ధర్నాలో కూర్చుంది.' పేపర్లకు కాలేజీ ఇచ్చిన ప్రకటనలో ఉన్నవీ ఇవే మాటలు. కింద తేదీ చూశాను. ముందు రోజుది. నేను రాకముందే నా మాట తయారైంది.

"ఏ బయటోళ్లు మేడం? పేర్లు రాయలే" అన్నాను.

వార్డెన్ నవ్వి తన ఫోన్ నా ముందు పెట్టింది. అందులో మా మనవరాలు ఎవరిదో మైకు ముందు నిలబడి, "నెల రోజులసంది నీళ్లు లెవ్వు" అంటోంది.

"చూసిండ్రా అవ్వా? నెల దినాలు తానం చెయ్యకుంటే గిట్ల మెరుస్తదా మీ పిల్ల?"

క్యాలెండర్ బల్ల మీద పరిచి లెక్కపెట్టాను. పదకొండు.

"నెల అని ఎందుకన్నవే?"

"పదకొండంటే ఎవ్వలింటరు అమ్మమ్మా? నెల అందామని అందరం అనుకున్నం."

"నువ్వు కలిపిన పందొమ్మిదిని చూపెట్టి, ఉన్న పదకొండు సుత లేవంటున్నరు."

"గదే నేననేది" అంది వార్డెన్, నేను తనవైపు వచ్చాననుకుని. "జర సంతకం పెట్టుండ్రి, సీటు పోకుండ ఉంటది."

'రెండు' కొట్టేసి 'పదకొండు' అని రాశాను. రెండో వాక్యం మొత్తం కొట్టేశాను. తేదీ దిద్ది సంతకం పెట్టాను.

"గిట్ల తీసుకోం."

"నా సంతకం గిట్లనే ఉంటది."

మనవరాలి చేత కాగితానికి ఫోటో తీయించాను. బయట బెంచీ మీద కూర్చుని తను స్నేహితుల గ్రూపులో, 'పదకొండు రోజులే. నెల అన్నది నా తప్పు' అని పెట్టింది. కాలేజీకి ఎంతకు అమ్ముడుపోయినవని వాళ్లు అడిగారు. తిరుగు బస్సులో తను నా పక్కన కాక వేరే సీట్లో కూర్చుంది.

నాలుగో రోజు కాలేజీవాళ్లు ఫోన్ చేసి తనను రమ్మన్నారు. సీటు ఉంది. నా కాగితం ఏమైందో మాత్రం ఎవరూ చెప్పలేదు. నా పేరుతో ఇంకొకటి తయారుచేసుకోలేదని ఏమిటి నమ్మకం? ఆ ఫోటో దాచిపెట్టుకున్నాను.

హాస్టల్ నుంచి తన మొదటి ఫోన్: "ఇయ్యాల నీళ్లొచ్చినయ్. ఆరు నుంచి ఆరుంబావు దాకా. రాసుకో."

"గడియారం చూసే చెప్తున్నవా?" అని అడిగి, రాసుకున్నాను.